యాకూత్ ఊళ్ల నిఘంటువులో పద్యాలెందుకు? అపోహలు - వాస్తవాలు

మధ్యయుగపు అరబ్బీ భూగోళ గ్రంథాలు చదవడం, విద్యార్థులకు చెప్పడం నా పని. ఊళ్ల పేర్లకు నిఘంటువు రాసిన యాకూత్ అల్-హమవీ (1179-1229) పాఠం మొదలుపెట్టగానే ఏటా ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: హమవీ అన్నారు కాబట్టి ఆయన సిరియాలోని హమా పట్టణపు అరబ్బు.

వాస్తవం: కాదు, గ్రీకు సంతతివాడు. పసితనంలోనే బాగ్దాద్‌లో బానిసగా అమ్ముడుపోయాడు. కొన్న వ్యాపారిది హమా. ఆ ఊరి పేరే ఈయనకూ అంటుకుంది. యాకూత్ అంటే కెంపు. బానిసలకు రత్నాల పేర్లు పెట్టేవారు. లెక్కలు చూసుకోవడానికి ఒక మనిషి కావాలని ఆ వ్యాపారి పిల్లవాణ్ణి చదివించాడు, సరుకుతో పర్షియన్ గల్ఫ్‌లోని కీష్ దీవికీ ఒమన్‌కూ పంపాడు. 1199లో విడుదలయ్యాక యాకూత్ పుస్తకాలకు నకళ్లు రాసి బతికాడు.

అపోహ: ‘ముఅజముల్ బుల్దాన్’ అనే ఆయన ఊళ్ల నిఘంటువులో పద్యాలు అలంకారానికే. వదిలేసి చదవొచ్చు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. అరబ్బీ రాతలో హ్రస్వాచ్చుల గుర్తులు మామూలుగా పెట్టరు. తిరుపతిని ‘తరపత’ అని రాసినట్టు. ఊరు తెలియనివాడు ఎలా పలుకుతాడు? 1218లో మర్వ్ నగరంలో (నేటి తుర్క్‌మెనిస్తాన్‌లో ఉంది) ఒక పండితుడి సభలో, ఒకప్పటి అరబ్బు సంత ‘హుబాషా’ పేరు మీద వాదన వచ్చింది. యాకూత్ ‘హు’ అన్నాడు, అవతలి వ్యక్తి ‘హ’ అన్నాడు. చూపించడానికి ఆధారం వెంటనే దొరకలేదు. నిఘంటువు రాయాలన్న ఆలోచన అక్కడే పుట్టింది.

అందుకే ముందు ఏ అక్షరానికి ఏ అచ్చో మాటల్లో విడమరిచి చెబుతాడు. తర్వాత పద్యం. అరబ్బీ ఛందస్సుదీ మనలాగే గురులఘువుల లెక్క. దీర్ఘాన్ని హ్రస్వం చేసినా, ద్విత్వం మరిచినా నడక చెడుతుంది, తప్పు దొరికిపోతుంది. (‘హు’, ‘హ’ రెండూ లఘువులే కనుక ఆ తగాదాను పద్యం ఒక్కటే తీర్చలేదు. రెండు ఆధారాలూ కావాలి.) పాత ఎడారి కవులు ప్రియురాలి గుడారం వేసిన చోటునూ నీటి బావినీ కొండనూ పేరుపెట్టి పాడారు. జనం ఖాళీచేసి వెళ్లిపోయిన చోట్ల పేర్లూ అలా మిగిలాయి.

అపోహ: కళ్లారా చూసినవే రాశాడు.

వాస్తవం: చాలా తిరిగాడు, అంతకన్నా ఎక్కువ చదివాడు. మర్వ్‌లో 10 గ్రంథాలయాలుండేవి. 200 దాకా సంపుటాలు ఆయన ఇంట్లోనే ఉండేవి, చాలావాటికి ధరావతు కూడా అడగలేదట! మంగోలుల దాడికి భయపడి 1220లో కట్టుబట్టలతో మోసుల్ చేరాడు. మరుసటి ఏడాది మర్వ్ నేలమట్టమైంది. 922లో బాగ్దాద్ ఖలీఫా దూతల బృందంతో వోల్గా నదీతీరం చేరిన ఇబ్న్ ఫద్లాన్ యాత్రా కథనాన్ని, 1923లో ఇరాన్‌లోని మష్‌హద్‌లో దాని రాతప్రతి బయటపడేదాకా, పండితులు ముఖ్యంగా యాకూత్ ఎత్తిరాసుకున్న భాగాల్లోనే చదువుకున్నారు.