పన్నులు, పథకాల లెక్క: బియ్యం బస్తా దగ్గరే తప్పుతాం

ఇళ్ల ఖర్చుల సర్వేలో ఉన్న ఒక్కో కుటుంబానికీ పన్ను, పథకం రూల్స్ వర్తింపజేసి ఎవరికెంత లాభమో, ఎంత భారమో తేల్చేదే మైక్రోసిమ్యులేషన్. టాంజానియాకు టాజ్‌మాడ్, ఘనాకు ఘామాడ్ అలాంటి మోడళ్లే. విజయవాడలో కూర్చుని మన ఇళ్లకు అదే పని చేయబోతే ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: ఇన్‌కమ్ ట్యాక్స్ లేని ఇల్లు పన్నే కట్టదు.
వాస్తవం: కృష్ణలంకలో కూలికెళ్లే ఇల్లు కూడా సబ్బులో, నూనెలో కడుతుంది. సర్వేలో ఉండేది పన్ను కలిసిన ఖర్చు. 18 శాతం వస్తువు మీద 1,180 రూపాయలు పెడితే పన్ను 180. 1,180లో 18 శాతం తీసి 212 అని రాస్తే తప్పు. 18తో గుణించి 118తో భాగించండి.

అపోహ: జీఎస్టీ రేటు తెలిస్తే చాలు.
వాస్తవం: 2022 జులై 18 నుంచి లేబుల్ వేసిన బియ్యం ప్యాకెట్ 25 కిలోల వరకే 5 శాతం. దాటితే సున్నా. కొట్లలో 26 కిలోల బస్తాలు కనిపించేది అందుకే. సర్వేలో బస్తా సైజు ఉండదు. బయట కొన్న బియ్యమంతటికీ 5 శాతం వేస్తే, లేని భారం పేదింటి నెత్తిన పడుతుంది. సున్నాతో ఒకసారి, 5తో ఒకసారి నడిపి రెండూ చూపించడమే నిజాయితీ.

అపోహ: రేషన్ బియ్యం అంటే మనిషికి 5 కిలోలు, ఇంటు బజారు ధర.
వాస్తవం: అంత్యోదయ కార్డుకు ఇంట్లో ఎందరున్నా 35 కిలోలు. ఆ ఒక్క షరతు కోడ్‌లో మరిస్తే ఒంటరి ముసలమ్మకు 30 కిలోలు ఎగిరిపోతాయి. ధర దగ్గర ఇంకో తిరకాసు: గుంటూరులో అన్నానికి వండేది బీపీటీ సన్నబియ్యం అయితే, రేషన్ బియ్యం చాలా ఇళ్లలో దోసెల పిండికి పోతుంది, లేదా అమ్ముడవుతుంది. బీపీటీ ధర కట్టకండి, రేషన్‌లో ఇచ్చే రకం బియ్యానికి బజారులో ఉన్న ధర కట్టండి.

అపోహ: పథకం మొత్తం ఏడాదంతా ఒకటే.
వాస్తవం: 2023 ఆగస్టు నుంచి 2024 జులై దాకా సాగిన సర్వే కాలంలోనే మన వృద్ధాప్య పెన్షన్ 2,750, 3,000, 4,000 అయింది. ఆ జులైలో చేతికొచ్చింది 7,000, అందులో 3,000 మూడు నెలల బకాయి. నెలవారీ రేటుగా 7,000 ఎక్కించారో, పేదరికం కాగితం మీద మాయమైపోతుంది.

అపోహ: అర్హులంటే అందుకునేవాళ్లే.
వాస్తవం: కరెంటు నెలకు 300 యూనిట్లు దాటితే బియ్యం కార్డు రాదు. ఒకే మీటరు మీద మూడు వాటాలుంటే కాగితం మీద యూనిట్లన్నీ ఒక్కరివే. మోడల్ తేల్చిన లబ్ధిదారుల సంఖ్యను ముందు ప్రభుత్వ లెక్కతో పోల్చండి. తేడా ఉంటే సర్వే వెయిట్లు (సర్వేలోని ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్లకు లెక్కో చెప్పే అంకెలు) కెలకొద్దు, అందనివారి శాతాన్ని విడిగా పెట్టండి.

అపోహ: ఎన్టీఆర్ జిల్లా ఫలితం కూడా తీసేయొచ్చు.
వాస్తవం: శాంపిల్ చాలదు. రాష్ట్రం, పల్లె, పట్నం దగ్గర ఆగండి.