నట్టనడుమ ఉన్నవాడి సంగతి అడగండి

చిరంజీవులకు,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ర్యాంకులు వచ్చిన దగ్గర్నుంచి మీ ఫోన్లూ, మీ స్నేహితుల ఫోన్లూ విడివిడిగా వస్తూనే ఉన్నాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఈ ర్యాంకుకి ఏ కాలేజీ మంచిది?" ఫోనులో చెబితే సగం మీకు వినపడదు, మిగతా సగం మీ అమ్మ మధ్యలో అందుకుంటుంది. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను. కాస్త పొడుగైంది. రీల్స్ చూసే ఓపికలో పదోవంతు దీనికి పెట్టండి.

పాలిటెక్నిక్‌లో లెక్కలు చెప్పిన రోజుల్లో, వేసవి వస్తే నాకు కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్ సెంటర్లో సర్టిఫికెట్లు చూసే డ్యూటీ పడేది. బల్లకి అవతల నాన్నలు కూర్చుని, "ఫలానా కాలేజీలో ఒకబ్బాయికి నలభై లక్షల ప్యాకేజీ వచ్చిందటండీ" అనేవారు. ఆ ఒకబ్బాయి గురించి అందరికీ తెలుసు. అతనితోపాటు చదివిన మిగతా పిల్లలు ఏమయ్యారని అడిగినవాళ్ళు బహు తక్కువ. నేనైతే అదే అడగమంటాను. ఎందుకంటే మీరు ఎక్కడ చేరినా, చాలావరకు క్లాసులో నడిమి వరసలోనే ఉంటారు. అలగకండి. మీ ర్యాంకుకి ఒక కాలేజీ వచ్చిందంటే, అక్కడికి వచ్చేవాళ్ళందరివీ ఇంచుమించు ఆ ర్యాంకులే కదా! హోర్డింగ్ మీద ఫోటో ఉన్నవాడి బతుకు చూసి చేరి, నడుమ ఉన్నవాడి బతుకు బతకాలి. కాబట్టి ఆ నడిమివాడి సంగతేమిటో ముందే కనుక్కోండి.

కనుక్కోవడం కష్టమేం కాదు. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఎన్‌ఐఆర్‌ఎఫ్ పేరుతో కాలేజీలకు ర్యాంకులిస్తోంది. వాటి కోసం కాలేజీలు పంపే లెక్కల పత్రం చాలా కాలేజీల వెబ్‌సైట్లలోనే ఉంటుంది. ర్యాంకు ఎంతో తర్వాత చూడొచ్చు, ముందు ఆ పత్రం తెరవండి. ఏ ఏడాది ఎంతమంది చేరారు, వాళ్ళలో ఎంతమంది నాలుగేళ్ళలో డిగ్రీ పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఎంతమంది పై చదువులకు వెళ్ళారు, అన్నీ ఉంటాయి. వాటి పక్కనే మీడియన్ జీతం అని ఒక అంకె ఉంటుంది. ఉద్యోగం వచ్చినవాళ్ళందర్నీ జీతాల వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలబడ్డవాడి జీతం అది. సగటు జీతమైతే ఒక్క నలభై లక్షలవాడి వల్ల ఎగబాకుతుంది. మీడియన్ కదలదు. అలాగే వెయ్యిమంది చేరిన చోట ఆరువందల మందే నాలుగేళ్ళలో బయటపడ్డారంటే, మిగిలిన నాలుగువందల మంది బ్యాక్‌లాగులతో ఏ మెస్‌లో భోంచేస్తున్నారో ఆలోచించండి. ఈ లెక్కలు కాలేజీలు సొంతంగా ఇచ్చుకున్నవే, కాస్త ఉప్పూకారం తగిలించి ఉండొచ్చు. అయినా హోర్డింగ్ కన్నా నయం. వెబ్‌సైట్ ఎంత వెతికినా ఆ పత్రం దొరక్కపోతే అది కూడా ఒక సమాధానమే అనుకోండి.

కాలేజీ నాణ్యతను బట్టి ఇచ్చే న్యాక్ గ్రేడు చూడమని మీకందరూ చెప్పే ఉంటారు. అది మొత్తం కాలేజీకి ఇచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం బ్రాంచి బ్రాంచికీ విడిగా ఉంటుంది. గేటు మీద ఎన్‌బీఏ అని రాసుకున్న కాలేజీలో మీరు చేరబోయే బ్రాంచికి అది లేకపోవచ్చు, అడగండి. ఇక అటానమస్ అంటే సిలబస్, ప్రశ్నపత్రం కాలేజీవే, డిగ్రీ మాత్రం జేఎన్‌టీయూ లాంటి యూనివర్సిటీది. అటానమస్ కానిచోట సిలబస్సూ పేపరూ యూనివర్సిటీవే.

సీఎస్‌ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ మోజు గురించి ఒక మాట. బాగా నడిచే కాలేజీలకు ఒక్కో బ్రాంచిలో ఇన్నే సీట్లన్న పరిమితిని సాంకేతిక విద్య చూసే కేంద్ర మండలి ఏఐసీటీఈ 2024లో ఎత్తేసింది. దాంతో కొన్ని కాలేజీల్లో సీఎస్‌ఈ సెక్షన్లకు ఇంగ్లీషు అక్షరాలు చాలేలా లేవు. నిబంధన ప్రకారం ఇరవైమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. కాగితం మీద ఉంటారు కూడా. అందుకే మీరు వెళ్ళి చూడండి. సంబంధం చూడ్డానికి చెప్పి వెళ్తే ఎవరిల్లయినా అద్దంలా ఉంటుంది, కాబట్టి చెప్పకుండా, మామూలు పనిరోజున, మధ్యాహ్నం రెండింటికి వెళ్ళండి. ల్యాబు తాళం వేసి ఉందా? లైబ్రరీలో మనుషులున్నారా? క్యాంటీన్ దగ్గర ఒక థర్డ్ ఇయర్ పిల్లనో పిల్లాణ్ణో పట్టుకుని, "మీకు పోయినేడాది ప్రోగ్రామింగ్ చెప్పిన సారు ఈ ఏడాది ఉన్నారా?" అని అడగండి. ఏటా సార్లు మారిపోయే కాలేజీలో ఏ బ్రాంచి తీసుకున్నా ఒకటే. ఏఐ అనీ, డేటా సైన్స్ అనీ తోకలున్న బ్రాంచీల సిలబస్‌ను మామూలు సీఎస్‌ఈ సిలబస్ పక్కన పెట్టి చూడండి. మొదటి రెండేళ్ళు చాలావరకు అవే సబ్జెక్టులు. ఆ తోక కోసం మంచి కాలేజీని వదులుకోకండి.

ఇంజనీరింగ్ అంటేనే మనసొప్పని పిల్ల మీలో ఒకతి ఉంది, నాకు తెలుసు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత నేరుగా అయిదేళ్ళ ఎమ్మెస్సీలో చేరొచ్చు, తిరుపతిలో ఐసర్ అని సైన్స్ చదువుల కేంద్ర సంస్థ ఉంది. మామూలు డిగ్రీకి తెలంగాణలో దోస్త్, ఆంధ్రాలో ఓఏఎండీసీ అనే ఆన్‌లైన్ అడ్మిషన్ల ద్వారా సీట్లిస్తారు. మీ నాన్నతో నేను మాట్లాడతాను, ముందు నువ్వు మాట్లాడు.

ఇప్పుడు వెబ్ ఆప్షన్లు, అంటే మీకు కావాల్సిన కాలేజీలూ బ్రాంచీలూ ఆన్‌లైన్లో వరసగా పెట్టడం. నా బల్ల ముందు ఎక్కువ కన్నీళ్ళు చూసింది ఇక్కడే. కంప్యూటర్ ర్యాంకుల వరసలో ఒక్కొక్కరినీ తీసుకుంటుంది. మీ వంతు రాగానే మీ జాబితాను పైనుంచి కిందికి చూస్తూ, మీ కేటగిరీకి సీటు ఖాళీగా ఉన్న మొదటి చోట ఆగి అది ఇచ్చేస్తుంది. అంతే. రాదనుకున్న కాలేజీని మొదట పెడితే కిందివి పోవు. "ఎలాగూ రాదులే" అని మనసైనదాన్ని నాలుగో చోట పెట్టి, మొదటిదే వచ్చేసి, తనకన్నా వెనక ర్యాంకువాడికి ఆ నాలుగోది వచ్చిందని తెలిసి కుమిలిపోయిన పిల్లల్ని చూశాను. అసలు సీటే రాని పిల్లల్నీ చూశాను. వాళ్ళ నాన్నలు పరువు కోసం పది పెద్ద కాలేజీలు పెట్టి ఆపేసినవాళ్ళు. ఇష్టం ప్రకారం వరస పెట్టండి, చాలా పెట్టండి, అడుగున ఖాయంగా వచ్చేవి కొన్ని ఉంచండి. కానీ వచ్చినా చేరననుకున్నది ఒక్కటీ పెట్టకండి. రెండో విడతలో మళ్ళీ ఆప్షన్లు పెట్టి కొత్త సీటు వస్తే, పాత సీటు దానంతట అదే పోతుంది. అందుకని అప్పుడు చేతిలో ఉన్నదానికన్నా మెరుగైనవే పెట్టాలి. పాస్‌వర్డ్ నెట్ సెంటర్ వాడికి ఇవ్వొద్దు. వాడికి కమీషనిచ్చే కాలేజీ పైకొచ్చి కూర్చుంటుంది.

డబ్బు విషయం మీ అమ్మానాన్నలకు చదివి వినిపించండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ కోటా సీటుకే గాని మేనేజ్‌మెంట్ కోటాకు రాదు. కౌన్సెలింగ్ మొదలవకముందే "రేపటితో సీట్లు అయిపోతాయి" అని ఫోన్లు చేసి లక్షలు కట్టించుకునే చోట్లున్నాయి. కంగారుపడొద్దు. ఒకవేళ కట్టి మానుకున్నా, 2018లో యూజీసీ ఇచ్చిన నిబంధన ప్రకారం, ప్రవేశాల చివరి తేదీకి కనీసం 15 రోజుల ముందే చెబితే ప్రాసెసింగ్ కింద అయిదు వేలకు మించకుండా పట్టుకుని మిగతాది వెనక్కివ్వాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి తిరిగిచ్చెయ్యాలి, బీరువాలో పెట్టుకుని ఫీజు కోసం బెదిరించకూడదని కూడా అందులోనే ఉంది. నోటితో అడిగితే పని కాదు. రాతపూర్వకంగా అడిగి, ఆ కాగితం నకలు దగ్గరుంచుకోండి.

సరే, చేరారు. ఆ తర్వాత ఏమవుతుందో చెబుతాను, ఇది మీకెవరూ చెప్పరు.

ఇంటర్ రెండేళ్ళూ రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నారు. తెల్లవారుజామున బెల్లు, రాత్రి పది దాకా స్టడీ అవర్, వారం వారం పరీక్ష, గోడ మీద ర్యాంకులు. పక్కన ఇన్‌ఛార్జి నిలబడితేనే చదవడం అలవాటైంది. బీటెక్‌లో అడుగుపెట్టగానే ఆ ఇన్‌ఛార్జి మాయం. సాయంత్రం నాలుగు తర్వాత ఎవరూ అడగరు. మొదటి నెల పండగలా ఉంటుంది. రెండో నెలలో మిడ్ పరీక్ష వచ్చి, జీవితంలో మొదటిసారి ముప్ఫైకి పదకొండు చూస్తారు. "నేను తెలివైనవాణ్ణి కాదేమో" అనిపించేది అప్పుడే. తెలివి ఎక్కడికీ పోలేదు. మిమ్మల్ని మీరే కూర్చోబెట్టుకోవడం ఇంకా నేర్చుకోలేదు, అంతే. మీ ఊళ్ళో మొదటివాళ్ళంతా ఒకే గదిలో చేరితే వాళ్ళలోనూ ఒకరు నడుమ ఉంటారు, ఒకరు చివర ఉంటారు. ఆ చివరివాడు కూడా మీ ఊరి ఫస్టే.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకు ఇది రెట్టింపు. పాఠం ఇంగ్లీషులో, భయం తెలుగులో. మొదటి సెమిస్టర్లో డౌటు తెలుగులోనే అడగండి. నాకు తెలిసి చాలామంది సార్లకు అదే హాయి, వాళ్ళూ మన ఊళ్ళవాళ్ళే. "నీ ర్యాంకెంత?" అని మొదటిరోజే అడిగి, దాన్నిబట్టి కులం లెక్కగట్టేవాళ్ళు కొందరు తగులుతారు. చెప్పాల్సిన పని లేదు. చేరాక ఆ అంకెకి పనే లేదు. మీలో ఎవరైనా ఆ ప్రశ్న అడిగారని నాకు తెలిస్తే మాత్రం ఊరుకోను.

కొన్ని అంకెలకు మాత్రం పనుంది. జేఎన్‌టీయూ పద్ధతిలో హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపి ఫీజు కట్టి గట్టెక్కొచ్చు. 65 కన్నా తగ్గితే డిటెయిన్, ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాల్సిందే. జ్వరం వస్తే ముందు మందు, వెంటనే మెడికల్ సర్టిఫికెట్. సబ్జెక్టు పోతే సప్లీ, అంటే సప్లిమెంటరీ పరీక్ష ఉంది. ఒకటి పోయిందంటే కొంప మునగదు. దాన్ని ఇంట్లో దాచడంతోనే కొంప మునుగుతుంది. దాచినవాడు తర్వాతి సెమిస్టర్ ఫీజుతోపాటు సప్లీ ఫీజుకీ అబద్ధం వెతకాలి, ఆ అబద్ధానికి ఇంకోటి. ఈ దారిలో కొందరు లోన్ యాప్‌లలో పడతారు, పోగొట్టుకున్నది రాబట్టుకుందామని బెట్టింగ్ యాప్‌లలో పడతారు. లోన్ యాప్‌వాళ్ళు మీ ఫోన్లోని నంబర్లన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీస్తామంటారు. ఆ నంబర్లలో నాదీ ఉంటుంది కదా, వాళ్ళకన్నా ముందు మీరే చెయ్యండి. పోలీసుల సైబర్ నంబరు 1930.

ర్యాగింగ్‌ని ఇప్పుడు ఆ పేరుతో పిలవరు, "ఇంట్రో" అంటారు. పేరూ ఊరూ చెప్పించుకుని నవ్వుకుంటే సరే. రాత్రిపూట గదికి రమ్మంటే, చెయ్యి చేసుకుంటే, డబ్బు అడిగితే 1800-180-5522కి ఫోన్ చెయ్యండి. మన ఉమ్మడి రాష్ట్రంలో దీనికి 1997లోనే చట్టం వచ్చింది. ఫిర్యాదు చేస్తే నాలుగేళ్ళు వెలేస్తారని సీనియర్లు భయపెడతారు. ఆ సీనియర్లకే భయం ఎక్కువ, చేరేటప్పుడు వాళ్ళూ వాళ్ళ అమ్మానాన్నా సంతకం పెట్టిన అఫిడవిట్ కాలేజీ దగ్గరుంటుంది.

నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, క్లాసుకు వెళ్ళబుద్ధి కాక మంచం దిగకపోవడం రెండు వారాలు దాటితే అది బద్ధకం కాదు. "అమ్మ ఏమనుకుంటుందో" అన్న ఆలోచన పక్కన పెట్టి ఎవరికైనా చెప్పండి. 14416 అని, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరుంది. 2022 నుంచి నడుస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా పలుకుతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే వారాలూ రోజులూ లెక్కపెట్టకండి, ఆ నిమిషంలోనే ఫోన్ చెయ్యండి, పక్కగది పిల్లాణ్ణి లేపండి. మీ స్నేహితుడు ఆ మాట నవ్వుతూ అన్నా సరే, నవ్వుగా తీసుకోకుండా వాడి పక్కన కూర్చోండి, వార్డెన్‌కీ వాళ్ళింటికీ చెప్పండి. "మాట ఇచ్చాను, రహస్యం" అంటే నేనొప్పుకోను.

ఇంట్లో చెప్పలేనిది ఏదైనా ఉంటే నాకు చెప్పండి, మీ అమ్మకి నేను చెప్పుకుంటాను. చిన్నప్పటినుంచి దాని కోపం నాకు అలవాటే.

ఆప్షన్ల జాబితా ముందు తెల్లకాగితం మీద మీ చేత్తో రాసి, ఫోటో తీసి గురువారంలోగా పంపండి. వరస నేను మార్చను. ప్రతి కాలేజీ పక్కన దాని మీడియన్ జీతం, నాలుగేళ్ళలో పూర్తి చేసినవాళ్ళ సంఖ్య రాసి ఉండాలి. లేకపోతే వెనక్కి పంపేస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ

తా.క.: ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అందరి దగ్గరా ఉన్నాయా? లోకల్ అని తేలేది వాటితోనే. మధ్యలో స్కూలు మారినవాళ్ళు రేపు పొద్దున్నే ఆ స్కూలుకి వెళ్ళండి. సెలవుల్లో క్లర్కు పన్నెండు తర్వాత దొరకడు.