అమెరికా రైతులకు కోవిడ్ సాయం: అపోహలు - వాస్తవాలు

2020-21లో అమెరికా వ్యవసాయ శాఖ కరోనావైరస్ ఫుడ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ (సీఫ్యాప్) కింద రైతులకు రెండు విడతలుగా డబ్బిచ్చింది. దరఖాస్తులు తీసుకున్నది కౌంటీల్లోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ ఆఫీసులు. దీని గురించి చెప్పుకునే మాటల్లో కొన్ని నిజం కావు.

అపోహ: ఎవరికెంత నష్టం వస్తే అంత ఇచ్చారు.

ఏ రైతుకు విడిగా ఎంత పోయిందో ఎవరూ లెక్క కట్టలేదు. పశువు తలకింత, ధాన్యానికి బుషెల్‌కింత (బుషెల్ అంటే అక్కడి ధాన్యం కొలత) అని రేటు పెట్టారు. ఆ రేటు తేదీని బట్టి మారింది, అసలు చిక్కంతా అక్కడే. 600 పౌండ్లు దాటిన 40 ఫీడర్ దూడలనే (మాంసం కోసం మేపి పెంచేవి) తీసుకోండి. 2020 జనవరి 15 నుంచి ఏప్రిల్ 15 లోపు అమ్మిన రైతుకు తలకు 139 డాలర్ల చొప్పున 5,560 డాలర్లు. అవే దూడల్ని ఏప్రిల్ 20న అమ్మితే అమ్మకం లెక్కలోకి రావు. ఏప్రిల్ 16 - మే 14 మధ్య దొడ్లో ఉన్న మంద కింద తలకు 33, అంటే 1,320 మాత్రమే. మాంసం ప్లాంట్లు మూతపడి పశువులు దొడ్లలో నిలిచిపోయింది ఏప్రిల్, మే నెలల్లోనే! అప్పుడు పట్టుకుని కూర్చున్న రైతుకే తక్కువ రావడం అన్యాయం. 2020 డిసెంబరు చట్టం దాన్ని కొంత సరిదిద్దింది. ఈ రకం దూడలకు తలకు మరో 25.50, అంటే 1,020 డాలర్లు కలిసింది.

అపోహ: ఒకసారి దరఖాస్తు పెడితే అన్నీ వాటంతటవే వస్తాయి.

పై 1,020 డాలర్లకు మళ్లీ దరఖాస్తు అక్కర్లేకపోయింది. రెండో విడతకు మాత్రం ఏడీ-3117 ఫారం కొత్తగా నింపాల్సి వచ్చింది, మొదటి విడత ఏడీ-3114 దానికి పనికిరాలేదు. ఏప్రిల్ 16 నుంచి ఆగస్టు 31 లోపు రైతు ఎంచుకున్న ఒక రోజున ఉన్న మందకు తలకు 55 డాలర్లు. సంతానోత్పత్తి కోసం ఉంచుకున్న పశువులు లెక్కలోకి రావు. ఆ 40 దూడలకు 2,200. అన్నీ కలిపితే 4,540, అప్పటికీ మార్చిలో అమ్మినవాడి 5,560ని అందుకోదు. ఫారం పెట్టకపోతే 2,340 దగ్గరే ఆగిపోతుంది.

అపోహ: గాదెలో ఉన్న మొక్కజొన్నంతటికీ డబ్బొచ్చింది.

మొదటి విడతలో 2019 దిగుబడిలో సగం, 2020 జనవరి 15 నాటి నిల్వ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. ముందే ధర ఖాయం చేసుకున్న గింజలు నిల్వ కింద రావు. 30,000 బుషెళ్లు పండించి, ధర ఖాయం కాని సరుకు 10,000 ఉంటే లెక్క 10,000 మీదే. అందులో సగానికి బుషెల్‌కు 32 సెంట్లు, మళ్లీ అదే సగానికి 35 సెంట్లు: 1,600 + 1,750 = 3,350 డాలర్లు. మొదట చేతికొచ్చింది ఇందులో 80 శాతమే, మిగతా 20 శాతం తర్వాత వచ్చింది.

అపోహ: పొలం ఎవరి పేరున ఉంటే సాయం వాళ్లకే.

నగదు కౌలుకిచ్చిన యజమానికి రాలేదు. ధర పడిపోతే నష్టం కౌలుదారుది కాబట్టి సాయమూ అతనిదే. పంటలో వాటాకిచ్చిన యజమానికి తన వాటా మేరకు అర్హత ఉంది. అక్కడ పొలం కొన్న మనవాళ్లు గమనించాల్సింది ఇంకోటి ఉంది. అమెరికా పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేనివాళ్లు భూమి, పెట్టుబడి పెడితే చాలలేదు, సొంతంగా చెప్పుకోదగ్గ శ్రమ కూడా పెట్టి ఉండాల్సి వచ్చింది.

అపోహ: సాయం కాబట్టి పన్ను లేదు.

ఉంది. 1099-జీ (ప్రభుత్వం ఇచ్చిన డబ్బు వివరాల పత్రం) వచ్చింది, షెడ్యూల్ ఎఫ్‌లో (పన్ను రిటర్నులో వ్యవసాయ ఆదాయం చూపే భాగం) వ్యవసాయ ఆదాయంగా చూపాల్సి వచ్చింది. నగదు పద్ధతిలో (డబ్బు చేతికి అందిన రోజున) లెక్క రాసేవాళ్లు 2020లో అందింది 2020లో, 2021లో అందింది 2021లో చూపాల్సి వచ్చింది.

అపోహ: దరఖాస్తుతో రసీదులు అడగలేదు, కాబట్టి తర్వాతా అడగరు.

అప్పుడు రైతు మాట మీదే ఒప్పుకున్నారు. తర్వాత తనిఖీల్లో అమ్మకం రసీదులు, మంద లెక్కల పుస్తకం, ఎలివేటర్ (ధాన్యం గిడ్డంగి) టికెట్లు చూపమన్నారు. ఆధారం లేని పశువులకు తీసుకున్న డబ్బు వడ్డీతో సహా తిరిగి కట్టాలి.