'పాప్‌కార్న్' ట్యూన్: అపోహలు - వాస్తవాలు

కీబోర్డ్ వాయించేవాళ్లు నలుగురు కలిస్తే ఎవరో ఒకరు ఈ ట్యూన్ అందుకుంటారు. మాటల్లేవు, అయినా ఒకసారి విన్నామంటే రోజంతా బుర్రలోంచి పోదు. దీని మీద ప్రచారాలకూ తక్కువేం లేదు.

అపోహ: ఇది క్రాఫ్ట్‌వర్క్ అనే జర్మన్ ఎలక్ట్రానిక్ బ్యాండ్ వాళ్లది. లేదంటే ఫ్రెంచ్ సంగీతకారుడు జాన్ మిషెల్ జార్‌ది.

వాస్తవం: జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ గెర్షన్ కింగ్స్‌లీ కట్టిన ట్యూన్ ఇది. 1969లో 'మ్యూజిక్ టు మోగ్ బై' ఆల్బమ్‌లో వచ్చింది (మోగ్ అంటే ఒక సింథసైజర్, కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యం). జార్ మారుపేరుతో ఒక వెర్షన్ చేసిన మాట నిజమే. క్రాఫ్ట్‌వర్క్‌కి మాత్రం ఏ సంబంధమూ లేదు. నెట్‌లో ఎంపీ3లు చేతులు మారిన రోజుల్లో తప్పు పేరు అంటుకుంది, ఇంకా వదల్లేదు.

అపోహ: అందరూ విన్నదే ఒరిజినల్.

వాస్తవం: దేశదేశాల్లో మార్మోగింది 1972లో హాట్ బటర్ అనే బృందం చేసిన వెర్షన్. అందులో మోగ్ వాయించిన స్టాన్ ఫ్రీ అంతకుముందు కింగ్స్‌లీ బృందంలోనే ఉన్నాడు. అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో అది 9వ స్థానం దాకా వెళ్లింది.

అపోహ: ఆ టపటపలు గింజలు పేలుతుంటే రికార్డు చేసినవి. మిగతాది మెషీనే వాయించుకుంది.

వాస్తవం: మా కీబోర్డ్ ఫీల్డ్‌లో కొత్తవాళ్లు కూడా ఈ మాట నమ్మేస్తారు. కానీ ఆ టపటపలు సింథ్‌లో (సింథసైజర్‌లో) పుట్టించినవే. మీ సింథ్‌లో ఎన్వలప్ (స్వరం ఎలా లేచి ఎలా ఆగాలో చెప్పే సెట్టింగ్) తెరిచి అటాక్ (స్వరం లేవడానికి పట్టే టైమ్), సస్టెయిన్ (కీ పట్టుకున్నంతసేపు నిలిచే స్థాయి) రెండూ సున్నా చేయండి, డికే (లేచాక తగ్గడానికి పట్టే టైమ్) బాగా తగ్గించండి. అదే ఎన్వలప్‌ని ఫిల్టర్‌కీ (శబ్దంలోని పదును తగ్గించే భాగానికీ) కలపండి. ఇక కీ ఎంతసేపు నొక్కి పట్టుకున్నా 'టప్' మని ఆగిపోతుంది. గింజ పేలింది! రివర్బ్ (గదిలో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని) మాత్రం పోయకండి, మెత్తబడిపోతుంది.

అప్పటి మోగ్ మాడ్యులర్‌లో (విడివిడి భాగాల్ని వైర్లతో కలిపే సింథ్‌లో) ఒకసారికి ఒకే స్వరం పలికేది. రెండో స్వరం జత కావాలంటే టేపు మీద మరో ట్రాక్ వాయించాల్సిందే. సెట్టింగ్ సేవ్ చేసుకోవడం అన్న మాటే లేదు. ఏ వైరు ఎక్కడ గుచ్చారో, ఏ నాబ్ ఎంత తిప్పారో కాగితం మీద రాసుకోవాలి. పైగా గది కాస్త వేడెక్కితే చాలు, శ్రుతి జారేది. అంత టెన్షన్‌లో అంత శుభ్రంగా తాళం తప్పకుండా వాయించడం వేళ్ల పనే.

అపోహ: కింగ్స్‌లీ చేసింది ఇదొక్కటే.

వాస్తవం: ఫ్రెంచ్ సంగీతకారుడు జాన్ జాక్ పెర్రేతో కలిసి 1967లో ఆయన 'బరోక్ హోడౌన్' చేశాడు. 1972లో డిస్నీలాండ్‌లో మొదలైన రాత్రి దీపాల ఊరేగింపుకి వాడింది ఆ ట్యూనే. పేరు తెలియకపోయినా అక్కడికి వెళ్లినవాళ్లు చాలామంది గుర్తుపడతారు.