మెగాపిక్సెల్ సంగతి సరే, వెలుతురు ఎంత?

కెమెరా కొనాలనుకునే వాళ్లు ముందు అడిగేది ఒకటే, ఎన్ని మెగాపిక్సెల్స్ అని. నా మొదటి కెమెరా నేనూ ఆ అంకె చూసే కొన్నాను. పగటి ఫొటోలు బాగానే వచ్చేవి. చీకటి పడితే చాలు, మొహాల మీద ఇసుక చల్లినట్టు ఉండేది.

ఏదైనా ఫొటోని కంప్యూటర్లో బాగా పెద్దది చేసి చూడండి, చిన్న చిన్న రంగు గళ్లు కనిపిస్తాయి. ఒక్కో గడి ఒక పిక్సెల్. అలాంటివి పది లక్షలైతే ఒక మెగాపిక్సెల్. ఫుల్ హెచ్‌డీ టీవీ తెర మీద ఉండేవి 1920 × 1080 గళ్లు, అంటే రెండు మెగాపిక్సెల్సే. ఏ4 కాగితం మీద శుభ్రమైన ప్రింటుకి తొమ్మిది చాలు. అంతకు మించినవి పోస్టర్లు వేసేవాళ్లకి, ఫొటోలో ఒక మూల కత్తిరించి వాడుకునేవాళ్లకి పనికొస్తాయి. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరాలో ఉన్నవి పదివేల పిక్సెల్సే. ఒక్క నలుపు తెలుపు బొమ్మని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది.

అసలు చూడాల్సింది సెన్సర్. పాత కెమెరాల్లో ఫిల్మ్ ఉండే చోట ఇప్పుడుండే సిలికాన్ పలక ఇది. ఏ గడి మీద ఎంత వెలుతురు పడితే అక్కడ అన్ని ఎలక్ట్రాన్లు పోగవుతాయి. ఆ లెక్కే ఫొటో. తమాషా ఏమిటంటే సెన్సర్‌కి రంగులు తెలియవు. అందుకే ఒక్కో గడి మీద ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఒక రంగు ఫిల్టర్ పెడతారు. మన కన్ను ఆకుపచ్చనే బాగా పడుతుంది కాబట్టి సగం గళ్లు దానికే. ప్రతి గడిలో కొలిచేది ఒక్క రంగునే, మిగతా రెండూ పక్క గళ్లను చూసి కెమెరా వేసుకునే అంచనా!

పాత కెమెరా ఫిల్మ్ మీద ఒక ఫొటో పట్టేంత పెద్ద సెన్సర్‌ని ఫుల్ ఫ్రేమ్ అంటారు, అది 36 × 24 మిల్లీమీటర్లు. విస్తీర్ణంలో, జేబులో పట్టే చిన్న కెమెరాల్లో మామూలుగా వాడే సెన్సర్‌కి దాదాపు ముప్పై రెట్లు. చిన్న పలక మీద కోట్ల గళ్లు ఇరికిస్తే ఒక్కోదానికి అందే వెలుతురెంత? నా ఫొటోల్లో ఇసుక అక్కడి నుంచే వచ్చింది.

ఇక లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం అపర్చర్. దీని అంకె కొత్తవాళ్లని తికమక పెడుతుంది, ఎందుకంటే అంకె పెరిగితే రంధ్రం తగ్గుతుంది. 50 మిల్లీమీటర్ల లెన్స్‌లో ఎఫ్/2 అంటే 50ని 2తో భాగించాలి, రంధ్రం వ్యాసం 25 మిల్లీమీటర్లు. ఎఫ్/4 అంటే పన్నెండున్నర. వ్యాసం సగమైతే వెలుతురు సగం కాదు, పావు వంతుకి పడిపోతుంది. రంధ్రం పెద్దదైతే మనిషి స్పష్టంగా ఉండి వెనకున్నవి మసకబారతాయి.

సెన్సర్ మీద వెలుతురు ఎంతసేపు పడనివ్వాలో చెప్పేది షట్టర్ స్పీడ్. అది అర్థం కావాలంటే కుళాయి కొంచెం తిప్పి, నీళ్లు బొట్లు బొట్లుగా పడుతుంటే ఫొటో తీయండి. సెకనులో వెయ్యో వంతు పెడితే బొట్లు గాజుపూసల్లా గాలిలో ఆగిపోతాయి. పావు సెకను పెడితే అవే కలిసిపోయి తెల్లటి గీతలవుతాయి.

ఐఎస్ఓ అంటే సెన్సర్ పట్టిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె. దాన్ని పెంచితే ఫొటో వెలుగొస్తుంది కానీ, లోపలికి వచ్చే వెలుతురు పెరగదు. రేడియోలో స్టేషన్ సరిగ్గా అందనప్పుడు వాల్యూమ్ పెంచితే పాటతో పాటు గరగర కూడా పెరిగినట్టే ఇదీనూ.

జూమ్ గురించి ఒక్క మాట: ఆప్టికల్ జూమ్‌లో లెన్స్ కదులుతుంది. డిజిటల్ జూమ్ ఉన్న బొమ్మనే కత్తిరించి సాగదీస్తుంది, ఆ పని ఇంటికెళ్లి మీరూ చేయొచ్చు.

సాయంత్రం గదిలో పరిగెడుతున్న పిల్లాడిని తీయాలనుకోండి. అపర్చర్ పూర్తిగా తెరిచి, షట్టర్ 1/250 (సెకనులో 250వ వంతు) పెట్టి, ఫొటో ఇంకా చీకటిగా ఉంటే మొహమాటపడకుండా ఐఎస్ఓ పెంచేయండి. గరుకుని తర్వాత కంప్యూటర్లో కొంత తగ్గించుకోవచ్చు. అలికేసినట్టు వచ్చిన మొహాన్ని బాగుచేయడం చాలా కష్టం.