చెన్నైలో ధర్మం సొమ్ము: లెక్క అడిగే హక్కు ఎక్కడిది?

2015 డిసెంబరు వరదలప్పుడూ, 2023లో మిచౌంగ్ తుపాను వేళచ్చేరి, పళ్లికరణై ప్రాంతాలను ముంచినప్పుడూ చెన్నై తెలుగువాళ్ల ఫోన్లలో విరాళాల విజ్ఞప్తులు వెల్లువెత్తాయి. ఇవ్వడానికి మనవాళ్లు వెనకాడరు. ఇచ్చింది ఎవరి చేతికి చేరిందన్నదే టెన్షన్. లెక్క అడిగితే నింద వేసినట్టవుతుందేమోనని మొహమాటం. ఈ మొహమాటం అక్కర్లేదని ఈ ఊరి చరిత్రే చెబుతుంది.

ఈస్టిండియా కంపెనీ కాలంలో దుబాసీగా (దొరలకు దుబాసీ అంటే మాటలు తర్జుమా చేసి, వ్యవహారాలు నడిపేవాడు) బాగా గడించిన పచ్చయప్ప మొదలియార్ 1794లో కన్నుమూశారు. పోయేముందు తన ఆస్తిని ధర్మకార్యాలకు వీలునామా రాశారు. కానీ ఆ సొమ్ము ఆయన అనుకున్న చోటికి చేరలేదు. దాన్ని చూసుకోవాల్సినవాళ్లూ, హక్కుదారులమన్నవాళ్లూ కోర్టుకెక్కారు. ఏళ్లు గడిచేకొద్దీ వడ్డీ పెరిగిందే తప్ప ధర్మం జరగలేదు. చివరికి ప్రభుత్వ ప్రధాన న్యాయవాది అయిన అడ్వొకేట్ జనరల్ జార్జ్ నార్టన్ చొరవతో అప్పట్లో మద్రాసులో ఉన్న సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. ధర్మకర్తల మండలి ఏర్పడింది. పూజలకూ దానాలకూ పోను మిగిలిన డబ్బుతో 1842లో బడి తెరిచారు. అప్పటికి దాత పోయి 48 ఏళ్లు. నేటి పచ్చయప్ప కాలేజీకి మూలం ఆ బడే.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది నార్టన్ పాత్ర. ఆయన పచ్చయప్పకు బంధువు కాదు, వాటాదారుడూ కాదు. ధర్మానికి ఇచ్చిన సొమ్ము జనానిది కాబట్టి జనం తరఫున అడిగేవాడు ఒకడు ఉండాలన్నదే అక్కడి సూత్రం. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ ఆ సూత్రాన్నే మామూలు మనుషుల చేతికిచ్చింది. ఒక పబ్లిక్ ట్రస్టుతో సంబంధమున్నవాళ్లు ఇద్దరు కలిసి అడ్వొకేట్ జనరల్ సమ్మతితో కోర్టుకు వెళ్లొచ్చు. లెక్కలు చూపించమని, ధర్మకర్తను తొలగించమని కోరవచ్చు. 1976 సవరణ తర్వాత అడ్వొకేట్ జనరల్ సమ్మతితో పనిలేదు, కోర్టు అనుమతి చాలు.

గుళ్ల సంగతి వేరే దారి పట్టింది. 1817లో మద్రాసు ప్రభుత్వం దేవాలయాల ఆస్తులను రెవెన్యూ బోర్డు పర్యవేక్షణలో పెట్టింది, ఆ తర్వాత చేయి వెనక్కి తీసుకుంది. 1863 చట్టంతో ఆ బాధ్యత స్థానిక కమిటీలకు వెళ్లింది, అడిగే నాథుడు లేకుండా పోయాడు. దీన్ని మార్చడానికి పూనుకున్నది మన పానగల్ రాజా, పానగంటి రామరాయణింగారు. మద్రాసు ప్రధానమంత్రిగా (నేటి ముఖ్యమంత్రి లాంటి పదవి) 1922లో గుళ్ల ఆస్తుల పర్యవేక్షణకు బిల్లు పెట్టించారు. మతంలో వేలుపెడుతున్నారని పెద్ద గొడవ జరిగింది. అయినా 1925లో చట్టం వచ్చింది, 1927లో దాన్ని మళ్లీ పకడ్బందీగా చేశారు. టీ నగర్‌లో పానగల్ పార్కు చుట్టూ పట్టుచీరలు కొనే మనవాళ్లలో ఆ పేరు వెనక ఇంత పోరాటం ఉందని ఎందరికి తెలుసు!

అలా గుళ్లకు ఒక పర్యవేక్షణ వ్యవస్థ వచ్చింది. అనాథాశ్రమాలు, వృద్ధాశ్రమాలు, వైద్య ట్రస్టుల మీద మాత్రం అలాంటి కన్ను పడలేదు. బొంబాయి రాష్ట్రం 1950లోనే పబ్లిక్ ట్రస్టుల చట్టం చేసి ధర్మసంస్థలను పర్యవేక్షించే చారిటీ కమిషనర్‌ను పెట్టింది. తమిళనాడులో అలాంటి కమిషనర్ లేరు. ఇక్కడ ట్రస్టు డీడ్ (ట్రస్టు ఏర్పాటు పత్రం) సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరవుతుంది. ఆ తర్వాత ఏటా లెక్కలు తెమ్మని ఆ ఆఫీసు అడగదు. ఇది పెద్ద లోపమని నా గట్టి అభిప్రాయం.

అసలు దేశంలో ఇలాంటి సంస్థలు ఎన్ని? కేంద్ర గణాంక కార్యాలయం 2012 నివేదిక ప్రకారం 2008 నాటికి రిజిస్టరైన సొసైటీలు దాదాపు 31.7 లక్షలు. అందులో సుమారు 22.6 లక్షల సంస్థల కోసం సిబ్బంది వెతుక్కుంటూ వెళితే జాడ దొరికినవి 7 లక్షల లోపే. మిగతావన్నీ మోసాలని కాదు. మూతపడినవి, చిరునామా మారినవి వాటిలో ఉంటాయి. కానీ బతికున్నదేదో తెలియనప్పుడు దాత ఎవర్ని నమ్మాలి? అశోకా యూనివర్సిటీ పరిశోధకులు కుటుంబాల దానాలను లెక్కగడితే, అందులో సింహభాగం మత సంస్థలకే వెళుతోందని తేలింది.

2021-22 నుంచి 80జీ (విరాళం మీద దాతకు ఆదాయపు పన్నులో దక్కే) మినహాయింపు ఇచ్చే సంస్థలు దాతల పాన్ నంబర్లు, ఇచ్చిన మొత్తాలు 10బీడీ ఫారంలో పన్ను శాఖకు పంపాల్సి వచ్చింది. దాతకు 10బీఈ సర్టిఫికెట్ వస్తుంది. అందులో దాత పేరు, సంస్థ పేరు, మొత్తం ఉంటాయి. ఆ డబ్బు దేనికి ఖర్చయిందన్న గడి మాత్రం ఉండదు.