కుక్కకు మందు పెట్టారా? అపోహలు - వాస్తవాలు

దొంగతనానికి దిగేవాడు ముందు కుక్క నోరు మూయించాలని చూస్తాడు. మొరుగుడు గొడవతో కక్ష పెంచుకున్న ఇరుగుపొరుగూ అదే దారి పడతారు. ఇద్దరూ వాడేవి దాదాపు ఒకటే: పొలానికి కొట్టే పురుగుమందు, గుళికలు, లేదా కిరాణా కొట్లో దొరికే ఎలుకల మందు. వీటికి వైద్యం ఉంది, చాలావరకు పనిచేస్తుంది కూడా. కానీ పశువైద్యులమైన మా టేబుల్ మీదికి కుక్క వచ్చేసరికే గంట గడిచిపోయి ఉంటుంది. ఆ గంటను తినేసేవి ఈ అపోహలే.

అపోహ: మా కుక్క తెలివైనది, వాసన చూసి వదిలేస్తుంది.

వాస్తవం: కుక్క ముక్కు మాంసం కోసం వెతుకుతుంది, విషం కోసం కాదు. పైగా నమలకుండా మింగే జంతువు. కడుపునిండా పెట్టి పడుకోబెడితే ముట్టదన్న ధీమా కూడా వద్దు.

అపోహ: బయటివాళ్లు పెట్టింది తినకూడదని ట్రైనింగ్ ఇప్పించాం.

వాస్తవం: ఆ ట్రైనింగ్ ఎక్కువగా "చేతిలోంచి తీసుకోవద్దు" అన్న వరకే ఉంటుంది. విషం చేతిలోంచి రాదు, గోడ మీదుగా నేల మీద పడుతుంది. అందుకే సాధన నేల మీదే చేయించాలి: తెలియని మనిషి చేత గేటు దగ్గర, మొక్కల మధ్య, రోడ్డు మీద ముక్కలు వేయించి, గొలుసు పట్టుకుని "వద్దు" నేర్పాలి. వదిలేస్తే అంతకంటే మంచి ముక్క మీ చేతినుంచి ఇవ్వాలి. ఆ తర్వాత మీరు కనబడకుండా నిలబడి చూడాలి, చాలా కుక్కలు అక్కడే తప్పుతాయి. ట్రైనింగ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని మేం చెప్పేది అందుకే.

అసలు రక్షణ కుక్క ఎక్కడ పడుకుంటుందన్న దానిలో ఉంది. గేటుకు కట్టేసిన కుక్క అన్నిటికంటే సులువుగా దొరుకుతుంది. రాత్రి ఇంట్లో ఉంచండి. లోపలినుంచి మొరిగినా దొంగకు వినబడుతుంది, విసిరిన ముక్క మాత్రం కుక్కకు అందదు. ఇంట్లో కుదరకపోతే కెన్నెల్ కాంపౌండ్ గోడకు కాకుండా ఇంటి గోడకు ఆనించి కట్టి, పైన రేకు వేసి, పక్కలకు అరంగుళం కన్నాల మెష్ బిగించండి. గేటు కింది సందు మూసేయండి. తెల్లవారి కుక్కను వదిలేముందు టార్చి పట్టుకుని గోడ వెంబడి లోపలివైపు ఒక చుట్టు తిరిగి, కుండీల వెనక కూడా చూడండి. రాత్రి బయట ఉన్న నీళ్ల గిన్నె పారబోసి కడిగాకే నింపండి. నడకకు తీసుకెళ్లేటప్పుడు బుట్టలాంటి మూతితొడుగు వేయవచ్చు. గుడ్డది వద్దు, కుక్క నోరు తెరిచి రొప్పలేక మన ఎండలకు వడదెబ్బ తింటుంది.

అపోహ: నోట్లో నురగ వస్తే విషమే.

వాస్తవం: మూర్ఛ, వడదెబ్బ, పాముకాటు, కప్పను నోట కరవడం, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు, పాలిచ్చే తల్లికి కాల్షియం పడిపోవడం, రేబిస్ కూడా నురగ తెప్పిస్తాయి. టీకాలు లేని కుక్కయితే ఉత్త చేతులు నోటి దగ్గర పెట్టొద్దు. విషమే అని అనుమానించాల్సినవి వేరు: అప్పటిదాకా ఆడుతున్న కుక్క హఠాత్తుగా పడిపోవడం, వీధిలో మరో కుక్కకూ అదే జరగడం, దగ్గర్లో కాకులు చచ్చి ఉండటం, మాంసం ముక్క చుట్టూ ఈగలు రాలిపోయి ఉండటం. ఈగలు చచ్చాయంటే పురుగుమందు అనుకోవచ్చు.

అపోహ: ముందు ఉప్పునీళ్లు తాగించి కక్కించాలి, తర్వాత పాలో గుడ్డుసొనో పోయాలి.

వాస్తవం: ఎక్కువ ప్రాణాలు తీసే సలహా ఇదే. ఉప్పు రక్తంలో సోడియాన్ని పెంచి దానంతట అదే ఫిట్స్ తెప్పిస్తుంది. వణుకు మొదలైన, మత్తుగా ఉన్న కుక్క గొంతులో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలలోని కొవ్వు కొన్ని పురుగుమందులు ఒంటికి పట్టేందుకు తోడ్పడుతుంది. గుడ్డుసొన ఈ విషాలు వేటికీ విరుగుడు కాదు.

కక్కించడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయవచ్చని ఇంటర్నెట్‌లో చదివి అడుగుతుంటారు. అక్కడ చెప్పేది 3 శాతం ద్రావణం, మన మెడికల్ షాపుల్లో మామూలుగా దొరికేది 6 శాతం. అలాగే పోస్తే కడుపు లోపలి పొర కాలుతుంది. కక్కించాలా వద్దా అన్నది ఫోన్‌లో డాక్టరు చెప్పాలి.

కడుపులోని విషాన్ని పీల్చుకుంటుందని పెట్టే బొగ్గు విషయంలోనూ అంతే. పొయ్యిలో బొగ్గు పనికిరాదు. మందుగా తయారుచేసిన బొగ్గు, అంటే యాక్టివేటెడ్ చార్‌కోల్, కుక్క బరువులో కిలోకు కనీసం 1 గ్రాము కావాలి. 20 కిలోల కుక్కకు 250 మిల్లీగ్రాముల మాత్రలు 80 అవుతాయి. నాలుగు మాత్రలు మింగించి వైద్యం చేశామనుకోవద్దు.

అపోహ: ఏ విషమైనా అట్రోపిన్ అనే విరుగుడు ఇంజెక్షన్ వేస్తే తగ్గుతుంది.

వాస్తవం: అట్రోపిన్ ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ రకం పురుగుమందులకే. గుర్తులు: చొంగ కారడం, కంటి నీరు, ఆగని విరేచనం, మూత్రం, సూదిమొనలా కుంచించుకుపోయిన కంటిపాప, కండరాల అదురు, ఛాతీలో గురగుర. మోతాదు కిలోకు 0.2 మిల్లీగ్రాములు, పావువంతు నరానికి, మిగతాది కండరానికో చర్మం కిందికో. మామూలు ఆంప్యూల్‌లో 0.6 మిల్లీగ్రాములే ఉంటుంది కాబట్టి 20 కిలోల కుక్కకు మొదటి విడతకే దాదాపు ఏడు కావాలి, తర్వాత మళ్లీ మళ్లీ పడవచ్చు. బయల్దేరే ముందు ఫోన్ చేసి "అట్రోపిన్ ఎన్ని ఆంప్యూళ్లు ఉన్నాయి?" అని అడగడంలో తప్పు లేదు. అట్రోపిన్ ఊపిరితిత్తుల్లో చేరే నీటిని, గుండె వేగం పడిపోవడాన్ని సరిచేస్తుంది, కండరాల అదురును ఆపదు. ఆర్గానోఫాస్ఫేట్ అయితే ఆ అదురుకు ప్రాలిడాక్సిమ్ అనే మరో విరుగుడు ఇస్తాం. ఆలస్యమయ్యేకొద్దీ దాని ప్రయోజనం తగ్గిపోతుంది.

నల్లటి పొడిలా ఉండే ఎలుకల మందు జింక్ ఫాస్ఫైడ్. కడుపులోని ఆమ్లం తగిలితే ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది. అన్నం పెడితే ఆమ్లం పెరుగుతుంది, వాయువూ పెరుగుతుంది. విరుగుడు లేదు, లక్షణాలకు చేసే వైద్యమే. వాంతిలో వెల్లుల్లి లేదా కుళ్లిన చేప వాసన వస్తే మీరు దానిమీదికి వంగొద్దు, కారు అద్దాలు దించి ప్రయాణం చేయండి. ఆ వాయువు మనిషికీ ప్రమాదమే.

చప్పుడుకో, తాకితేనో ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోతుంటే ముష్టి గింజల్లో ఉండే స్ట్రిక్నిన్‌ను అనుమానించాలి. ఆ కుక్కను కదపడం, పిలవడం తగ్గించి, దుప్పటి కప్పి, నిశ్శబ్దంగా తీసుకురండి.

అపోహ: ఎలుకల కేకు తిని రెండు రోజులైంది, బాగానే ఉంది, గండం గడిచింది.

వాస్తవం: ఎలుకల కేకులో ఉండే బ్రోమాడియోలోన్ అనే విషం లక్షణాలు చూపేదే సాధారణంగా మూడో రోజు నుంచి. అది విటమిన్ కె పనిని ఆపి రక్తం గడ్డకట్టనివ్వదు. ముక్కులోంచి రక్తం వస్తేనే రక్తస్రావం అనుకోవద్దు. ఛాతీలో కారితే కనిపించేది ఆయాసం, పాలిపోయిన చిగుళ్లే. తిన్న 48 నుంచి 72 గంటల మధ్య రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చూసే ప్రోథ్రాంబిన్ టైమ్ పరీక్ష చేయించాలి. విటమిన్ కె1 రోజుకు కిలోకు 3 నుంచి 5 మిల్లీగ్రాములు, కొవ్వున్న తిండితో, సుమారు నాలుగు వారాలు. ఆపిన 48 గంటలకు మళ్లీ పరీక్ష. ఒక్క ఇంజెక్షన్‌తో ఆపేసినా, కె1 బదులు విటమిన్ కెలోనే మరో రకమైన కె3 వాడినా రక్తస్రావం తిరగబెడుతుంది.

ఏ విషమైనా సరే, ఫోన్‌లో చెప్పాల్సినవి: బరువు, ఎప్పుడు తింది, లక్షణాలు ఏ వరుసలో వచ్చాయి, ప్యాకెట్ దొరికితే మందు పేరు. తెచ్చేటప్పుడు పక్కకు పడుకోబెట్టి మూతి కాస్త కిందికి ఉంచండి, మూతి కట్టొద్దు. వాంతిని ఉత్త చేతులతో తాకొద్దు.

అపోహ: కుక్క చస్తే పోలీసులు కేసు పెట్టరు.

వాస్తవం: భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువును విషం పెట్టి చంపితే ఐదేళ్ల వరకు జైలు. వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరమే. 2024 జూలై 1కి ముందు ఈ నేరానికి ఐపీసీ 428, 429 సెక్షన్లు ఉండేవి. ఫిర్యాదులో సెక్షన్ నంబరు రాయండి.

కేసు నిలబడేది సాక్ష్యంతో. పూడ్చేయొద్దు. కళేబరాన్ని ఐసులో పెట్టి, పోలీసు లేఖతో ప్రభుత్వ పశువైద్యుడి చేత పోస్ట్‌మార్టం చేయించాలి. కడుపులో ఉన్నది, కాలేయం, మూత్రపిండం హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోనో మంగళగిరిలోనో ఉన్న ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్తాయి. విష పరీక్షకు వెళ్లేవి ఫార్మాలిన్‌లో వేయొద్దని గుర్తుచేయండి, అందులో వేస్తే ఫలితం చెడుతుంది. దొరికిన ముక్కను ఫోటో తీసి, గ్లవ్స్‌తో శుభ్రమైన గాజు సీసాలో పెట్టి మూతికి టేపు వేయండి. సీసీటీవీ పాత ఫుటేజీని చెరిపేసి కొత్తది రాసుకుంటూ పోతుంది, కాబట్టి ఆ రోజే కాపీ తీసుకోండి.

అపోహ: కుక్క పోయింది, విషం పెట్టినవాళ్ల పని అయిపోయింది.

వాస్తవం: కుక్క అడ్డం తొలగించడమే ఉద్దేశమైతే వాళ్ల పని అప్పుడు మొదలవుతుంది. అర్ధరాత్రి కుక్క పడిపోగానే ఇంటిల్లిపాదీ ఆసుపత్రికి పరుగెత్తి తాళం కూడా సరిగా వేయకపోవడమే వాళ్లకు కావాల్సింది. ఇద్దరు వెళ్లండి, మిగతావాళ్లు ఇంట్లో లైట్లు వేసుకుని ఉండండి. 112కు ఫోన్ చేసి కుక్కకు విషం పెట్టారని, ఆ రాత్రి గస్తీ మీ వీధికి రావాలని చెప్పండి. కుక్కలున్న చుట్టుపక్కల ఇళ్లవాళ్లను అప్పటికప్పుడే లేపి, వాళ్ల కుక్కలను లోపలికి తీసుకోమనండి.